మొదటి రైఫిల్ కొనేముందు: అమెరికాలోని మన కుటుంబాలు ముందు చూసుకోవాల్సింది ధర కాదు, వీసా

డాలస్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న ఒక గుంటూరు కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి హెచ్-1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. గ్రీన్‌కార్డు క్యూలో పదేళ్లకు పైగా ఉన్నాడు. తల్లి హెచ్-4 మీద ఉంది. పెద్దకొడుకు అక్కడే పుట్టాడు కాబట్టి పౌరుడు, మొన్ననే 18 నిండాయి. కాలేజీ స్నేహితులతో రెండుసార్లు షూటింగ్ రేంజ్‌కి వెళ్లొచ్చాడు. ఈద్ సెలవులకి ఇంటికొచ్చి, "అబ్బా, నేనో రైఫిల్ కొనుక్కుంటా. మూడు నాలుగు వందల డాలర్లే. ఇక్కడ అందరి ఇళ్లలోనూ ఉంటాయి కదా" అన్నాడు. తండ్రికి మొదట గుర్తొచ్చేది భయం, రెండోది ఖర్చు. వీసా సంగతి ఆయనకు తట్టదు. చాలా ఇళ్లలో ఎవరికీ తట్టదు. అసలు చిక్కు మాత్రం అక్కడే ఉంది.

అమెరికాలో తుపాకీ కొనడం సులువే అన్న మాట సగం నిజం. టెక్సాస్ లాంటి రాష్ట్రంలో 18 ఏళ్ల పౌరుడు దుకాణానికి వెళ్లి, ఫారం నింపి, తనిఖీ పూర్తయితే రైఫిల్ తీసుకోవచ్చు. కానీ అదే ఇంట్లో ఉండే తండ్రి ఆ రైఫిల్‌ని చేత్తో పట్టుకుంటే ఫెడరల్ నేరం కావచ్చు. ఒకే కప్పు కింద మూడు రకాల ఇమ్మిగ్రేషన్ హోదాలున్న తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్లకి ఈ తేడా తెలియడం ఏ మోడల్ మంచిదో తెలియడం కంటే ముఖ్యం.

సెమీ ఆటోమేటిక్ అంటే ఏమిటి?

పేరులో "ఆటోమేటిక్" ఉండటంతో చాలామంది మెషిన్‌గన్‌ని ఊహించుకుంటారు. అది కాదు. సెమీ ఆటోమేటిక్‌లో ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకే తూటా పేలుతుంది. పేలిన తర్వాత ఖాళీ తొడుగు బయటికి పోయి, తర్వాతి తూటా దానంతటదే చాంబర్‌లోకి వచ్చి కూర్చుంటుంది. మళ్లీ పేల్చాలంటే వేలు వదిలి మళ్లీ నొక్కాలి. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే వరసగా పేలేవి మెషిన్‌గన్‌లు. వాటి మీద 1934 నుంచి ఫెడరల్ నియంత్రణ ఉంది. 1986 తర్వాత తయారైన మెషిన్‌గన్‌లను మామూలు పౌరులు కొనలేరు.

వినోదం కోసం కాల్చడం మొదలుపెట్టేవాళ్లకి అమెరికాలో సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది పాయింట్ టూటూ, అంటే .22 లాంగ్ రైఫిల్ తూటా వాడే చిన్న రైఫిల్. రెండోది ఏఆర్-15 తరహా రైఫిల్. ఇది .223 లేదా 5.56 మిల్లీమీటర్ల తూటా వాడుతుంది. రెండు తూటాల వ్యాసం దాదాపు ఒకటే. కానీ రెండోదాంట్లో మందు చాలా ఎక్కువ, వేగం రెండింతల పైమాటే. ఒళ్లు చీల్చే శక్తిలో ఈ రెండింటికీ పోలికే లేదు.

కొత్తవాళ్లకి పాయింట్ టూటూ ఎందుకు?

అనుభవం ఉన్న శిక్షకులు ఎక్కువమంది మొదటి రైఫిల్‌గా పాయింట్ టూటూనే సూచిస్తారు. కారణాలు సూటిగానే ఉంటాయి. భుజానికి తగిలే దెబ్బ దాదాపు ఉండదు. శబ్దం తక్కువ, అయినా చెవులకు రక్షణ లేకుండా కాల్చకూడదు. తూటా ఖరీదు ఒక్కోటి పది సెంట్ల అటూ ఇటూ ఉంటుంది. అదే .223 అయితే నలభై, యాభై సెంట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రేంజ్‌లో ఒక మధ్యాహ్నం రెండొందల తూటాలు కాల్చడం మామూలే. అంటే ఒక దారిలో ఇరవై డాలర్లు, ఇంకో దారిలో వంద డాలర్లు. ఏడాది తిరిగేసరికి రైఫిల్ ధర కంటే తూటాల ఖర్చే ఎక్కువవుతుంది.

ఇంకో సంగతి. శబ్దం, దెబ్బ ఎక్కువగా ఉన్న తుపాకీతో మొదలుపెడితే, ట్రిగ్గర్ నొక్కే ముందే ఒళ్లు బిగుసుకోవడం అలవాటవుతుంది. తూటా పేలబోతోందని ముందే ఉలిక్కిపడటం అన్నమాట. ఆ అలవాటు పోవడానికి నెలలు పడుతుంది. పాయింట్ టూటూతో నేర్చుకున్నవాళ్లకి ఈ బాధ తక్కువ.

ఈ రకంలో అందరూ చెప్పే పేరు రూగర్ 10/22. 1964లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముడవుతోంది. పది తూటాలు పట్టే గుండ్రటి మ్యాగజైన్ రైఫిల్ అడుగున ఇమిడిపోతుంది. బరువు రెండుంబావు కిలోల దగ్గర. మామూలు మోడల్ ధర సుమారు మూడొందల నుంచి నాలుగొందల డాలర్లు. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. లోపం ఏమిటంటే, మామూలు మోడళ్లలో చివరి తూటా పేలాక బోల్ట్ వెనక్కి నిలబడదు, ముందుకి వచ్చి మూసుకుంటుంది. తుపాకీ ఖాళీ అయిందో లేదో చూడగానే తెలియదు. కొత్తవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ 15-22 ఇంకో రకం. చూడటానికి అచ్చం ఏఆర్-15లా ఉంటుంది, వాడేది మాత్రం పాయింట్ టూటూ తూటానే. ప్లాస్టిక్ శరీరం వల్ల తేలిగ్గా ఉంటుంది. చివరి తూటా తర్వాత బోల్ట్ తెరుచుకునే ఉంటుంది, అది కొత్తవాళ్లకి మేలు. 10/22 కంటే ఒక వంద డాలర్లు ఎక్కువ పెట్టాలి. మార్లిన్ మోడల్ 60 పాతకాలం నుంచి పేరున్న చౌక రైఫిల్. రిమింగ్టన్ 2020లో దివాలా తీశాక మార్లిన్ బ్రాండు రూగర్ చేతికి వెళ్లింది. ఇప్పుడు మోడల్ 60 దొరికితే సెకండ్ హ్యాండ్‌లోనే. దాని మ్యాగజైన్ గొట్టం కింద పొడుగ్గా ఉండే నాళం. అందులోంచి తూటాలన్నీ వచ్చాయో లేదో చూసుకోవడం, ఊడదీసే మ్యాగజైన్ అంత సులువు కాదు.

ఏఆర్-15 సంగతేంటి?

"ఏఆర్" అంటే అసాల్ట్ రైఫిల్ అని చాలామంది అనుకుంటారు. అది ఆర్మలైట్ అనే కంపెనీ పేరు. 1950ల చివర్లో ఆ కంపెనీ రూపొందించిన డిజైన్‌ని కోల్ట్ కొనుక్కుని, 1964 నుంచి పౌరులకు సెమీ ఆటోమేటిక్ రూపంలో అమ్మింది. పేటెంట్లు ముగిశాక డజన్ల కంపెనీలు అదే మోడల్ తయారుచేస్తున్నాయి. ఐదొందల నుంచి ఎనిమిదొందల డాలర్లకు మొదటిస్థాయి రైఫిల్ దొరుకుతుంది. గురి బాగుంటుంది, దెబ్బ తక్కువ, భాగాలు మార్చుకోవడం సులువు. కోట్ల మంది చేతుల్లో అది మామూలు రేంజ్ తుపాకీగానే ఉంది.

కానీ అదే తుపాకీ అమెరికా రాజకీయాలను రెండుగా చీల్చింది. 2022 మేలో టెక్సాస్‌లోని యువాల్డీలో 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను చంపినవాడు 18 ఏళ్లు నిండగానే ఈ తరహా రైఫిళ్లను చట్టబద్ధంగానే కొన్నాడు. 2023 మేలో డాలస్ దగ్గర ఆలెన్ షాపింగ్ మాల్‌లో ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక యువ ఇంజినీరు కూడా ఉంది. ఆ రోజు డాలస్ ప్రాంతంలోని ప్రతి తెలుగు ఇంట్లోనూ ఫోన్లు మోగాయి. అందుకే ఇంటికి ఏఆర్ తెచ్చుకోవడం అన్నది చాలా కుటుంబాల్లో కేవలం వస్తువు కొనడంలా ఉండదు. కొడుకు దాన్ని ఆటగా చూస్తాడు, తల్లికి ఆలెన్ గుర్తొస్తుంది. ఇద్దరిలో ఎవరి మాటనూ కొట్టిపారేయలేం.

రాష్ట్రం మారితే చట్టం మారుతుంది

ఫెడరల్ ప్రభుత్వం 1994లో ఇలాంటి రైఫిళ్ల మీద నిషేధం పెట్టింది. పదేళ్ల గడువుతో వచ్చిన ఆ చట్టం 2004లో ముగిసిపోయింది. ఆ తర్వాత కాంగ్రెస్ దాన్ని పొడిగించలేదు. దాంతో ఇప్పుడు ఎవరి రాష్ట్రం వాళ్లది.

కాలిఫోర్నియాలో 1989 నుంచి, న్యూజెర్సీలో 1990 నుంచి నిషేధాలున్నాయి. ఇల్లినాయిస్, వాషింగ్టన్ రాష్ట్రాలు 2023లో చేరాయి. న్యూయార్క్‌లో 2022 నుంచి ఏ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనాలన్నా లైసెన్సు ఉండాలి, 21 ఏళ్లు నిండాలి. ఇల్లినాయిస్‌లో తుపాకీ ఏదైనా ముందుగా రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు తీసుకోవాలి. న్యూజెర్సీలోనూ కొనుగోలుదారు కార్డు తప్పనిసరి. అక్కడ మ్యాగజైన్‌లో పది తూటాలకు మించకూడదు. టెక్సాస్, జార్జియాల్లో ఇలాంటివేమీ లేవు.

సియాటెల్‌లో ఉండే తెలుగువాళ్లకి ఒక ప్రత్యేక హెచ్చరిక. వాషింగ్టన్ రాష్ట్రంలో 2018లో ఓటర్లు ఆమోదించిన చట్టం సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లన్నిటినీ ఒకే గాటన కట్టింది. పైన చెప్పిన చిన్న 10/22 కూడా ఆ నిర్వచనంలోకే వస్తుంది. కొనాలంటే 21 ఏళ్లు ఉండాలి. "పాయింట్ టూటూయే కదా" అంటే అక్కడ కుదరదు.

ఉద్యోగాలు మారి ఇళ్లు మారడం మనవాళ్లకు మామూలే. హ్యూస్టన్‌లో చట్టబద్ధంగా కొన్న రైఫిల్‌ని కారు డిక్కీలో పెట్టుకుని న్యూజెర్సీకి మారితే, అక్కడ అది నేరం కావచ్చు. ప్యాకర్లతో మాట్లాడే ముందే కొత్త రాష్ట్రం చట్టం చూసుకోవాలి.

వీసా ఉన్నవాళ్లు చదవాల్సిన భాగం

1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం ఎవరు తుపాకీ ఉంచుకోకూడదో ఒక జాబితా ఉంది. శిక్షపడిన నేరస్థులు, మాదకద్రవ్యాలు వాడేవాళ్లు లాంటివాళ్లతో పాటు అందులో ఇంకో రెండు వర్గాలున్నాయి. ఒకటి, చట్టబద్ధ హోదా లేకుండా దేశంలో ఉన్నవాళ్లు. రెండు, నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్లు. ఎఫ్-1 విద్యార్థి, హెచ్-1బీ ఉద్యోగి, హెచ్-4 మీద ఉన్న భార్య, బీ-2 విజిటర్ వీసా మీద వెళ్లిన అమ్మీ, అబ్బా అందరూ ఈ రెండో వర్గమే.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఈ నిషేధంలోకి రారు. వాళ్లు పౌరుల్లాగే కొనుక్కోవచ్చు. అయితే తుపాకీకి సంబంధించిన నేరంలో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నా దేశం నుంచి పంపించేయవచ్చని ఇమ్మిగ్రేషన్ చట్టం చెబుతోంది. పౌరుడికి జరిమానాతోనో కొద్దిపాటి శిక్షతోనో పోయే తప్పు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఇల్లూ వాకిలీ వదిలే పరిస్థితి తేవచ్చు.

నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా వాళ్లకి కొన్ని మినహాయింపులున్నాయి. ఎక్కువగా వాడేది వేట లైసెన్సు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉంటే ఫెడరల్ నిషేధం వర్తించదు. దాంతో హెచ్-1బీ ఉద్యోగి కూడా దుకాణంలో కొనవచ్చు, రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే. ఇక్కడే చాలామంది పొరబడతారు. లైసెన్సు ఒకసారి తీసుకుంటే చాలనుకుంటారు. టెక్సాస్‌లో ఏడాది వేట లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగిసిపోతుంది. సెప్టెంబరు 1న కొత్తది తీసుకోకపోతే, ఆ రోజు నుంచి బీరువాలో ఉన్న రైఫిల్ నేరానికి సాక్ష్యం అవుతుంది.

ఇంకా పెద్ద ప్రమాదం ఉద్యోగం పోవడం. హెచ్-1బీ ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపు కొత్త ఉద్యోగమో ఇంకో హోదానో దొరక్కపోతే చట్టబద్ధ హోదా పోతుంది. అప్పుడు ఆ మనిషి మొదటి వర్గంలోకి, అంటే హోదా లేనివాళ్లలోకి వెళ్తాడు. ఆ వర్గానికి వేట లైసెన్సు మినహాయింపు లేదు. లేఆఫ్‌ల కాలంలో ఇది ఎవరికైనా రావచ్చు.

రేంజ్‌లో అద్దె తుపాకీ కూడా తుపాకీయే

"కొనడం లేదు కదా, వీకెండ్‌లో రేంజ్‌కి వెళ్లి అద్దెకు తీసుకుని కాలుస్తాం, అంతే" అనే విద్యార్థులు ఎక్కువ. చట్టం అడిగేది ఎవరు కొన్నారని కాదు, ఎవరి చేతిలో ఉందని. రేంజ్‌లో గంటసేపు పట్టుకున్నా అది కలిగి ఉండటమే.

దీనికి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఉదాహరణే ఉంది. యూఏఈ నుంచి విద్యార్థి వీసా మీద వచ్చిన హమీద్ రెహైఫ్ అనే యువకుడు మార్కులు రాక ఫ్లోరిడాలోని యూనివర్సిటీ నుంచి బయటికి వెళ్లాల్సి వచ్చింది. దాంతో ఇమ్మిగ్రేషన్ హోదా పోయింది. తర్వాత అతను ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్లి తుపాకులు కాల్చాడు. ఎవరి మీదా కాదు, టార్గెట్ల మీదే. హోదా లేకుండా తుపాకీ కలిగి ఉన్నాడని కేసు పెట్టారు, 18 నెలల శిక్ష పడింది. 2019లో సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో అతని వైపు తీర్పు ఇచ్చింది. తనకు హోదా లేదన్న సంగతి నిందితుడికి తెలుసని ప్రాసిక్యూషన్ నిరూపించాలి అని చెప్పింది. ఆ తీర్పు నిషేధాన్ని ఎత్తేయలేదు. తెలిసి చేసినవాళ్లకి రక్షణా ఇవ్వలేదు. పైగా 2022లో వచ్చిన చట్టం ఈ నేరానికి గరిష్ఠ శిక్షను పదేళ్ల నుంచి 15 ఏళ్లకు పెంచింది.

రేంజ్‌లో తీసుకున్న ఫొటోలు, రీల్స్ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం ఇంకో అలవాటు. వీసా దరఖాస్తుదారుల సోషల్ మీడియాను అమెరికా అధికారులు చూస్తున్న రోజులివి. తుపాకీ పట్టుకున్న ఫొటో కింద విద్యార్థి వీసా ఉన్న పేరు ఉంటే, అది తనపై తానే రాసుకున్న ఫిర్యాదులాంటిది.

"నా పేరు మీద కొనివ్వు"

పౌరుడైన కొడుకు ఉన్న ఇంట్లో వచ్చే మరో ఆలోచన ఇది. మామూ కోసమో చాచా కోసమో అతని పేరు మీద కొనడం. దుకాణంలో నింపే ఫెడరల్ ఫారం 4473లో మొదట్లోనే "అసలు కొనుగోలుదారు మీరేనా" అని అడుగుతారు. డబ్బు వేరేవాళ్లదై, వాళ్ల కోసమే కొంటూ "నేనే" అని రాస్తే నేరం. 2014లో అబ్రామ్‌స్కీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. అతను మాజీ పోలీసు. మామ కోసం డిస్కౌంట్‌లో పిస్టల్ కొన్నాడు. ఆ మామకి కూడా తుపాకీ ఉంచుకునే అర్హత ఉంది. అయినా ఫారంలో అబద్ధం అబద్ధమే అని కోర్టు చెప్పింది. అర్హత ఉన్న మామకే అలా అయితే, అర్హత లేని బంధువు కోసం కొంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. సొంత డబ్బుతో కొని, అర్హత ఉన్నవాళ్లకి నిజంగా బహుమతిగా ఇవ్వడం వేరే సంగతి, అది నేరం కాదు.

మళ్లీ డాలస్ ఇంటికి వద్దాం. కొడుకు తన డబ్బుతో, తన కోసమే కొన్నాడు. అంతవరకు బాగానే ఉంది. రైఫిల్ ఎక్కడ ఉంటుంది? తండ్రి బెడ్‌రూమ్ బీరువాలో పెట్టి తాళం ఆయన చేతికిస్తే, అది ఆయన అధీనంలో ఉందని వాదించే వీలుంటుంది. చేతితో ముట్టుకోకపోయినా, కావాలంటే తీసుకోగల అధికారం ఉంటే చట్టం దృష్టిలో అదీ కలిగి ఉండటమే. ఒకే ఇంట్లో ఉండటం మాత్రమే నేరం కాదు. కాబట్టి తాళం, కోడ్ కొడుకు ఒక్కడి దగ్గరే ఉండాలి. అతను హాస్టల్‌కి వెళ్లినప్పుడు ఎవరు చూస్తారన్నది కొనకముందే తేల్చుకోవాలి. ఒక గంట ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఇచ్చే ఫీజు రైఫిల్ ధరంత కావచ్చు. ఆ ఖర్చు మొదట పెట్టాల్సిందే.

ఇంట్లో పిల్లలు ఉంటే

అమెరికాలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. సామూహిక కాల్పుల వార్తల మధ్య ఈ నిజం మరుగున పడుతుంది. చదువు ఒత్తిడి, డిప్రెషన్ ఉన్న టీనేజీ పిల్లలున్న ఇంట్లో తాళం లేని తుపాకీ ఉండటం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. మన ఇళ్లలో పిల్లల మనసు బాగోలేదన్న మాట బయటికి రానివ్వరు. ఆ మౌనం, తాళం లేని తుపాకీ ఒకే ఇంట్లో ఉండకూడదు.

తల్లిదండ్రుల మీదికి కేసులు రావడం ఈ మధ్య కొత్తగా కనిపిస్తున్న మార్పు. మిచిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ స్కూల్లో 2021లో నలుగురు విద్యార్థులను చంపిన కుర్రాడి తల్లికి, తండ్రికి 2024లో 10 నుంచి 15 ఏళ్ల జైలు శిక్ష పడింది. జార్జియాలోని అపలాచీ స్కూల్లో 2024 సెప్టెంబరులో కాల్పులు జరిపిన 14 ఏళ్ల పిల్లాడి తండ్రి మీద హత్యానేరం కింద అభియోగాలు మోపారు. కొడుక్కి ఆ సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ని కానుకగా ఇచ్చింది ఆయనే. టెక్సాస్‌లో కూడా 17 ఏళ్లలోపు పిల్లలకు లోడ్ చేసిన తుపాకీ అందేలా ఉంచడం నేరం.

కాబట్టి బడ్జెట్‌లో రైఫిల్ పక్కనే గోడకో నేలకో బిగించే ఇనుప పెట్టె ఉండాలి. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో ఉంచాలి. తరావీహ్ తర్వాతో దావత్‌కో పదిమంది పిల్లలు ఇంట్లో పరుగులు తీసే రోజులు మన ఇళ్లలో ఎక్కువ. దాచిపెట్టడం సరిపోదు, తాళం వేయాల్సిందే.

"ఖాళీగానే ఉంది" అన్న మాట

2024లో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకరు తన తుపాకీని శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయినట్లు వార్తలు వచ్చాయి. ఇలాంటి ప్రమాదాల్లో తరచూ కనిపించే కారణం ఒకటే. ఖాళీగా ఉందనుకోవడం. సెమీ ఆటోమేటిక్‌లో ఈ పొరపాటు ఇంకా సులువు. మ్యాగజైన్ ఊడదీసినా చాంబర్‌లో ఒక తూటా మిగిలే ఉంటుంది.

వరస తప్పకూడదు. తుపాకీ మొన సురక్షితమైన వైపు, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా. ముందు మ్యాగజైన్ తీయాలి. తర్వాత బోల్ట్ వెనక్కి లాగి చాంబర్‌లోది బయటికి తీయాలి. ఆ తర్వాత కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకోవాలి. వరస తిరగబడి, మ్యాగజైన్ ఉండగా ముందు బోల్ట్ లాగితే ఒక తూటా బయటికి పోయి ఇంకోటి లోపలికి వస్తుంది. మనిషేమో ఖాళీ చేశాననుకుంటాడు. ప్రాణం పోయేది ఆ ఒక్క క్షణంలోనే. అందుకే రైఫిల్ కొనేముందు ఒక రోజు శిక్షణ తరగతి తప్పనిసరి అనుకోవాలి, చట్టం అడిగినా అడగకపోయినా.

రేంజ్ నుంచి వచ్చాక తెలుసుకోవాల్సింది ఇంకోటి. తూటా పేలినప్పుడు సీసం పొడి గాల్లోకి లేచి చేతులకు, బట్టలకు అంటుకుంటుంది. ఇండోర్ రేంజ్‌లో మరీ ఎక్కువ. చేతులు, ముఖం సబ్బుతో కడుక్కున్నాకే తినాలి. ఆ బట్టలతో చంటిపిల్లలను ఎత్తుకోకూడదు. గర్భిణులు రేంజ్‌కి దూరంగా ఉండటమే మేలు.

హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కేముందు

రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగునే ఊరికి తెచ్చుకోకూడదు. జేబు మూలలో మర్చిపోయిన ఒక్క తూటా చాలు. భారత్‌లో 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకీకే కాదు, తూటాకీ లైసెన్సు అడుగుతుంది. శంషాబాద్‌తో పాటు దేశంలోని విమానాశ్రయాల్లో ప్రయాణికుల బ్యాగుల్లో తూటాలు దొరికి కేసులైన సందర్భాలున్నాయి. తెలియక జరిగిందని కోర్టులో తేలవచ్చు. అప్పటిదాకా పాస్‌పోర్టు, సెలవులు, ఉద్యోగం అన్నీ గాల్లో ఉంటాయి.

ఇంకో దారి ఉంది

కుర్రాడికి కావాల్సింది గురి చూసి కొట్టడంలో ఉన్న ఆనందమే అయితే, ఎయిర్ రైఫిల్ ఉంది. గాలి ఒత్తిడితో పనిచేస్తుంది, మందు ఉండదు. అందువల్ల ఫెడరల్ చట్టం దాన్ని తుపాకీగా లెక్కించదు. న్యూజెర్సీ లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం లెక్కిస్తాయి, అది చూసుకోవాలి. టెక్సాస్‌లో హెచ్-1బీ తండ్రి, హెచ్-4 తల్లి, పౌరుడైన కొడుకు ముగ్గురూ కలిసి ఏ భయం లేకుండా కాల్చుకోగలిగింది ఇదే. ఒలింపిక్స్‌లోనూ ఇది ఉంది. 2012 లండన్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి ఒలింపిక్స్‌లో చోటే లేదు.

ఊపిరి నిలపడం, ట్రిగ్గర్‌ని నెమ్మదిగా నొక్కడం, తుపాకీ మొన ఎటు ఉందో క్షణక్షణం గమనించుకోవడం అందులోనూ ఇవే పాఠాలు. ఒక ఏడాది దానితో గడిపాక కూడా కొడుక్కి రైఫిల్ మీద మనసు ఉంటే, అప్పటికి తండ్రి గ్రీన్‌కార్డు సంగతీ కొంత తేలవచ్చు, ఇంట్లో ఇనుప పెట్టెకి చోటూ దొరుకుతుంది. అప్పుడు దుకాణానికి వెళ్లి పాయింట్ టూటూ అడగవచ్చు. మూడొందల డాలర్ల వస్తువు కోసం పదేళ్ల క్యూని పణంగా పెట్టాల్సిన తొందర ఏ ఇంటికీ లేదు.